హర్రాజులో వచ్చిన బస్సు



ఇంకొకడు చితికిపోయి పోగొట్టుకున్న వస్తువును మనం చవకగా కొనుక్కోవచ్చునా? చట్టం ఒప్పుకుంటుందా అని కాదు నేనడిగేది. చట్టం ఒప్పుకుంటుంది, రశీదు కూడా ఇస్తుంది. ఆ రశీదు జేబులో పెట్టుకున్న తరవాత ఇంకేమైనా బాకీ మిగులుతుందా అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న నాకై నాకు తోచింది కాదు. మా విచారణలో ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టి, చూపు మందగించాక మానేసిన డ్రైవరు. ఒక ఆదివారం పూజ అయిన తరవాత అందరూ వెళ్ళేదాకా గుడి మెట్ల మీద నిలబడి, "ఫాదర్, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యొద్దు. హర్రాజుల ఒక బస్సు వచ్చింది. పాడొచ్చునా?" అన్నాడు.

"పాడవయ్యా. దానికి నన్నడగడమెందుకు?" అన్నాను.

"ఎందుకంటే, అది ఒకని పొట్ట గొట్టి తెచ్చిన బండి" అన్నాడు.

సంగతి మొదటి నుంచి చెబుతాను. మా వికారాబాదు పక్కనే అనంతగిరి గుట్టలున్నాయి. హైదరాబాదు నుంచి సుమారు 80 కిలోమీటర్లు. మూసీ నది పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, అడవి, అవతల కోటపల్లి జలాశయం. శని ఆదివారాలు వస్తే ఘాటు రోడ్డు మీద పట్నం కార్లు బారులు తీరతాయి. ఈయనకు ఒక ఊహ కలిగింది. పాత కాలపు టూరు బస్సు ఒకటి కొని, గుండ్రటి దీపాలు, వెనక నిచ్చెన, టాపు మీద సామాను జాలీ, తెరిచిన కిటికీలు అలాగే ఉంచి, వికారాబాదు స్టేషను దగ్గర రైలు దిగినవాళ్ళను గుట్ట మీదికి, జలాశయానికి తిప్పి తేవాలని. కొడుకు నడుపుతాడు, తాను పక్కన కూర్చుంటాడు. ఏసీ కార్లలో తిరిగే జనం పాత బస్సు కనిపిస్తే ఆగి ఫోటోలు దిగుతున్నారని ఆయన గమనించాడు. మంచి ఊహే.

మొదట ఆర్టీసీ బస్సు కోసమే చూశాడు. ఆయన మనసంతా ఆర్టీసీ మీదే. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారన్న సంగతి ఆయన నోటి వెంట విన్నన్ని సార్లు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. బస్సు నంబరులో ఉండే 'జడ్' అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని కూడా అంటారు. అది చెప్పేటప్పుడు తన సొంత తల్లి సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. ప్రభుత్వ సంస్థలు తమ పాత బళ్ళను కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఎం.ఎస్.టి.సి. వంటి సంస్థల ద్వారా ఆన్‌లైన్‌లో హర్రాజు వేస్తాయి. కాని 2023 ఏప్రిల్ 1 నుంచి పద్ధతి మారింది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు, రవాణా సంస్థల బస్సులతో సహా, రిజిస్ట్రేషను ఉండదు. అవి తుక్కు చేసే కేంద్రానికే పోవాలి. పోనీ 'వింటేజి' కింద నిలుపుకుందామంటే, 2021లో వచ్చిన ఆ నియమం యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకపు రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్ళకు మాత్రమే. కిరాయికి తిప్పడానికి ఎలాగూ వీల్లేదు. లక్షల మందిని మోసిన బస్సుకు లేని ముసలితనపు మర్యాద, ఒక ధనవంతుణ్ణి మాత్రమే మోసిన కారుకు ఉంది. ఇది దారిలో ఎదురైన మాట, దీని మీద మరోసారి రాస్తాను.

అలా వెతుకుతుండగా కొడుకు ఫోనులో ఒక ప్రైవేటు బస్సు కనిపించింది. పాతికేళ్ళ నాటి టూరిస్టు బస్సు. ఎవరో పాతదాన్నే కొని, ఇష్టంగా ముస్తాబు చేయించి, దాని మీద ఫైనాన్సు తీసుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆ ఏడు మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలకు విరామమైతే ఇచ్చింది గాని, ఆ ఆరు నెలల వడ్డీ ఆగలేదు, ఆ తరవాత కూడా చాలా కాలం యాత్రలకు పోయేవాళ్ళు లేరు. ఆ దెబ్బ నుంచి ఆ యజమాని తేరుకోలేదు. రెండు మూడేళ్ళు ఈడ్చాడు, చివరకు ఫైనాన్సువాళ్ళు బండిని పట్టుకుపోయి యార్డులో పెట్టారు. ఇప్పుడు హర్రాజు.

బండిని చూసుకోవడానికి ఒక రోజు ఇచ్చారు. మా డ్రైవరు వెళ్ళాడు. ఇంజను విప్పనివ్వలేదు, తోలి చూడనివ్వలేదు. చుట్టూ తిరిగి చూడవచ్చు, అంతే. ముందు అద్దం పైన పసుపు రంగుతో ఒక ఆడపిల్ల పేరు రాసి ఉంది. కూతురే అయి ఉంటుంది. డ్రైవరు సీటు కింద టిఫిను డబ్బా అలాగే ఉంది. యార్డు కాపలాదారు చెప్పాడట, ఆ యజమాని అప్పుడప్పుడు వచ్చి గేటు బయట నిలబడి బస్సును చూసి వెళతాడని. ఆ మాట విన్నాకనే మా డ్రైవరు గుడి మెట్ల మీద నా కోసం నిలబడ్డాడు.

నేను అప్పుడిచ్చిన సమాధానం మీకు దాచకుండా చెబుతాను. "అప్పు తీసుకున్నవాడు తీర్చలేకపోయాడు, ఇచ్చినవాడు బండి తీసుకున్నాడు, నువ్వు కొంటున్నావు. ఇందులో నువ్వు దొంగిలించినది లేదు, అబద్ధమాడినది లేదు. నువ్వు పాడకపోతే ఇంకొకడు పాడతాడు. ఆ మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఎక్కువ ధర పలికితే అతని అప్పే కాస్త తగ్గుతుంది" అన్నాను. ఆయన తలూపి వెళ్ళాడు. ఈ సమాధానంలో తప్పు మాట లేదు. అయినా అది సరిపోదని ఆ రాత్రే నాకు తెలిసింది.

హర్రాజు మనకు కొత్త కాదు. తాండూరు మార్కెట్ యార్డులో కందుల రాశి పక్కన నిలబడ్డ రైతు ముందే పాట జరుగుతుంది. కొనేవాడు గింజను పంట కింద నొక్కి చూస్తాడు, రైతు అతని ముఖంలోకి చూస్తుంటాడు. చీటీ పాట మీ అందరికీ తెలిసినదే. అందులో ఎవడికి ఎక్కువ అక్కర ఉందో వాడే ఎక్కువ పోగొట్టుకుంటాడు, మనం దాన్ని ముఖం ఎరిగినవాళ్ళ మధ్యనే చేస్తాం కాబట్టి సిగ్గు కొంత అడ్డుపడుతుంది. మన దేవాలయాల్లో కోత పండుగనాడు అర్పణల వేలం సంగతి చూడండి. నలభై రూపాయల గుమ్మడికాయను అయిదు వందలకు పాడినవాడు నష్టపోయానని ఇంటికి వెళ్ళడు. బాలాపూర్ వినాయకుని లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. అక్కడ పాడేవాడు పదిమంది చూస్తుండగా పాడాలనే పాడతాడు.

ఫోనులో హర్రాజు వేరు. ధరావతు కట్టిన తరవాత మీరొక నంబరు. ఎదుటివాడూ నంబరే. గడియారం వెనక్కి నడుస్తుంటుంది, చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే మరికొన్ని నిమిషాలు పెరుగుతుంది. అమ్మేవాడు లేడు, పోగొట్టుకున్నవాడు అసలే లేడు. వీటన్నిటికీ పైన ఒక షరతు: ఉన్నది ఉన్నట్టుగా, ఉన్న చోటనే, తరవాత ఏ ఫిర్యాదూ వినబడదు. ఇంగ్లీషులో 'యాజ్ ఈజ్ వేర్ ఈజ్' అంటారు. దానికి కొన్ని ప్రకటనల్లో 'వాటెవర్ దేర్ ఈజ్' అని కూడా తగిలిస్తారు.

ఈ షరతు ఇప్పటిది అనుకోకండి. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు సిసెరో చెప్పిన ఒక వివాదం నేర్పారు. ఆయన అది రాసింది క్రీస్తు పూర్వం 44లో. ఒకడు తన ఇల్లు అమ్ముతున్నాడు. దూలాలు పుచ్చిపోయాయని, గదుల్లో పురుగూ పుట్రా తిరుగుతున్నాయని అతనికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చునా? బాబిలోను వాడైన డయోజనీసు అనే తత్వవేత్త, కొనమని నిన్నెవరూ బలవంతం చేయలేదు కదా, చెప్పకపోవడం వేరు దాచడం వేరు, అన్నాడు. ఆయన శిష్యుడు అంటిపాతెర్ ఒప్పుకోలేదు. దారి తప్పినవాడికి తెలిసి కూడా దారి చెప్పకపోవడం తప్పయితే, మనిషిని తెలిసి తెలిసి గోతిలోకి నడవనివ్వడం అంతకన్న పెద్ద తప్పన్నాడు. సిసెరో శిష్యుని పక్షమే పట్టాడు. నేటి హర్రాజు ప్రకటనలన్నీ డయోజనీసు పక్షం.

పునీత తోమాసు అక్వినాసు కూడా ఈ సంగతి మీద ఒక ప్రకరణమే రాశాడు. పైకి కనిపించే లోపమైతే, గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి, అమ్మేవాడు నోరు విప్పి చెప్పనక్కరలేదు, కొనేవాడికి కళ్ళున్నాయి. లోపల దాగిన లోపమై, దానివల్ల కొన్నవాడికి అపాయమో నష్టమో వచ్చేదైతే, చెప్పి తీరాలి. ఇది అమ్మేవాడి మీద ఉన్న బాధ్యత. కాని మన బస్సు విషయంలో అమ్మేవాడెవరు? ఫైనాన్సు ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు ఆ బస్సు ఒక కాగితం. దాని లోపాలు అతనికి నిజంగానే తెలియవు. లోపాలు తెలిసినవాడు అమ్మడం లేదు. అతణ్ణి అడిగేవాడు లేడు. తోమాసు గారి అంగడిలో ఇద్దరే మనుషులున్నారు. మన హర్రాజులో మూడోవాడు గేటు బయట నిలబడ్డాడు.

అమ్మేవాడికి చెప్పే పని లేకుండా చట్టం విడుదల ఇచ్చింది. కొనేవాడికి అడిగే పని లేకుండా ఎవరు విడుదల ఇచ్చారు? అది నేను ఆయనకు చెప్పి ఉండవలసిన మాట. చెప్పలేదు.

పునీత అగుస్తీను ఒక మనిషి గురించి రాశాడు. పుస్తకం అమ్మవచ్చినవాడు దాని విలువ తెలియక తక్కువ అడిగితే, కొనేవాడు అడగకుండానే సరైన ధర ఇచ్చాడట. ఇది వింటే మనకు నవ్వొస్తుంది. బేరమాడి తగ్గించినవాణ్ణి మెచ్చుకునే ఇళ్ళలో పెరిగాం మనం. కొనేటప్పుడు బాగా లేదు, బాగా లేదు అని పెదవి విరిచి, ఇంటి మలుపు తిరిగాక ఎంత చవకగా కొట్టానో చూడమని చెప్పుకునేవాడి గుట్టు సామెతల గ్రంథం ఏనాడో బయటపెట్టింది. నేనూ అందుకు వేరు కాదు. మా గుడి మైకు సెట్టు అలాగే కొన్నాను.

నేను ఆయన్ను మళ్ళీ కలిసేసరికి పాట అయిపోయింది. మధ్యాహ్నం మూడు గంటలకు మొదలై, గడువు నాలుగుసార్లు పెరిగి, 3 లక్షల 12 వేలకు ఆయన పేరు మీద ఆగింది. ధరావతు 25 వేలు ముందే కట్టాడు. మిగతాది ఏడు రోజుల్లో కట్టాలి. ముఖంలో సంతోషం ఉంది, లేదనను. నేనన్నాను: "డబ్బు కట్టే ముందు ఆ యజమానిని ఒకసారి చూసి రా."

"సూసి ఏమనాలె ఫాదర్? నీ బండి నేను తీసుకున్న అనాలెనా?"

"అదే చెప్పు. ఆ తరవాత అతనేం చెబుతాడో విను."

ఆ మనిషి తాండూరు వైపు ఒక నాపరాయి పాలిషు యూనిట్లో కూలికి పోతున్నాడు. మా డ్రైవరు కాపలాదారును పట్టుకుని ఊరు కనుక్కున్నాడు, సాయంత్రం పని వదిలే వేళకు వెళ్ళాడు. ఒళ్ళంతా రాతి పొడి అంటిన మనిషి, మొదట మాట్లాడలేదట. టీ తాగించాక, బస్సును ఎవరు నడుపుతారని అడిగాడు. నా కొడుకు అని ఇతనన్నాడు. ఏ రోడ్డు మీద అని అడిగాడు. అనంతగిరి ఘాటు అని ఇతనన్నాడు. అప్పుడతను కాసేపు ఊరుకుని, "ఆ బండిని ఘాట్ల దించకు అన్నా" అన్నాడు.

లోపం చాసిస్‌లో ఉంది. ఎడమ వైపు పొడవాటి ఇనుప దూలం వెనక చక్రాల దగ్గర చీలింది. వెల్డింగు పెట్టించి, పైన రేకు కొట్టి, నల్ల రంగు పూయించాడు. కిందికి దూరి సుత్తితో తట్టి చూస్తే తప్ప తెలియదు. నిండు జనంతో దిగుడు మీద బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతుంది.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పుకోవాలి. గ్రీసు దేశంలో ఒక పాత ఓడ కథ ఉంది. పుచ్చిన పలకలు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయారు. చివరకు మొదటి పలక ఒక్కటీ మిగలలేదు. ఇది ఆ ఓడేనా అని తత్వవేత్తలు ఇప్పటికీ తగువులాడతారు. నేనొకసారి ఇది మా డ్రైవరుతో అంటే నవ్వి, "గంతకేమున్నది ఫాదర్! ఇంజను మారుతది, బాడీ మారుతది, సీట్లు మారుతయి. చాసిస్ నంబరు మారది. అదే బండి" అన్నాడు. ఆర్.సి. పుస్తకానికీ అదే బండి. ఇప్పుడు చీలినది అదే.

మరొక సంగతి కూడా ఆ సాయంత్రం బయటపడింది. చాసిస్ చీలింది లాక్‌డౌన్‌కు ముందు. చీలిన తరవాత కూడా ఆయన రెండు సీజన్లు ఆ బండికి జనాన్ని ఎక్కించాడు. ఏటా ఫిట్‌నెసు తెచ్చుకున్నాడు. ఎలాగో నేను అడగలేదు, మా డ్రైవరు చెప్పలేదు. మనం జాలిపడుతున్న మనిషి, అద్దం మీద కూతురి పేరు రాసుకున్న మనిషి, ఇతరుల కూతుళ్ళను ఆ వెల్డింగు మీద కూర్చోబెట్టి కొండలెక్కించాడు. నాకిది మింగుడు పడటానికి సమయం పట్టింది. నష్టపోయినవాడు మంచివాడై కూడా ఉంటే మనకు సులువుగా ఉంటుంది. అతనికి వాయిదా కట్టాలి, ఇల్లు గడవాలి, చాసిస్ మార్పించే స్తోమత లేదు. ఇవన్నీ నిజాలే. తప్పూ నిజమే.

2025 నవంబరు 3న తెల్లవారుజామున తాండూరు నుంచి హైదరాబాదు బయలుదేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొని 19 మంది పోయిన సంగతి మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ ప్రమాదంలో తప్పెవరిదన్నది ఇక్కడ నా విషయం కాదు. బస్సెక్కేవాడు చాసిస్ కిందికి దూరి చూసి ఎక్కడు. టికెట్టు తీసుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోతాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య జరిగే మౌనం వాళ్ళిద్దరితో ఆగదు, ఆ నిద్రపోయేవాడి దాకా వెళుతుంది. షరతు కాగితం మీద అతను సంతకం పెట్టలేదు.

ఇప్పుడు మా డ్రైవరు ఏం చేయాలి? మిగతా డబ్బు కట్టి బండి తెచ్చుకుంటే, చాసిస్ మార్చే ఖర్చు బండి ధరను మించుతుందని మేస్త్రీ చెప్పాడు. తెచ్చి అలాగే అమ్మేస్తే? యార్డు గేటు దగ్గర ఒక బ్రోకరు అప్పుడే నలభై వేలు లాభం ఇస్తానన్నాడు. అతనూ ఏమీ అడగడు. ఇది కుదరదని ఆయనే నాకన్న ముందు అన్నాడు. ఇక మిగిలింది ధరావతు వదులుకోవడం. నేను అదే మంచిదన్నాను. ఆయన నావైపు చూసి, "నేనిడిస్తె అది మల్ల హర్రాజుకు వస్తది గద ఫాదర్. ఇంకొకడు దెచ్చి తిప్పుతడు. నా పైసలు బోయినయని నాకు పాపం బోతదా?" అన్నాడు.

మేజరు సెమినరీలో చదివిన నా తత్వశాస్త్రం ఈ ప్రశ్న దగ్గర కాసేపు నోరు మూసుకుంది. అపాయాన్ని చేతులు కడుక్కుని పక్కవాడికి జరపడం నీతి కాదు. అలాగని, రోడ్డు మీదికి రాకూడని ప్రతి బండినీ తన డబ్బుతో కొని పాతిపెట్టే బాధ్యత ఒక రిటైరైన డ్రైవరు మీద మోపే అధికారం నాకు లేదు. కొనడం ఆయన విధి కాదు. తెలిసినది చెప్పడం విధి. చెప్పేటప్పుడు నోటి మాట చాలదు, కాగితం మీద ఉండాలి; తరవాత ఏ గుమాస్తా కూడా మాకు తెలియదని అనడానికి వీల్లేకుండా. నాకు చేతనైన సమాధానం ఇదే. మీలో ఎవరికైనా ఇంతకన్న మంచి సమాధానం తోస్తే రాయండి.

ఉత్తరం మా గురుగృహంలోనే రాశాం. చాసిస్ నంబరు, వెల్డింగు ఉన్న చోటు, రేకు కొలత అన్నీ వేశాం. ఆ సంగతులు చెప్పగలిగినవాడు పాత యజమాని ఒక్కడే కాబట్టి అతని సంతకం కావాలి. సంతకం పెడితే చీలిన బండిని తిప్పానని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ మాట మా డ్రైవరు అతనికి విడమరిచి చెప్పాడు. రెండు రోజులు అతని దగ్గర నుంచి కబురు లేదు. మూడో రోజు ఉదయం రైలు దిగి వచ్చి, బల్ల మీద వంగి, పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. పూజకు ఉండమంటే కూలికి టైమవుతుందని వెళ్ళిపోయాడు. ఉత్తరం ఒక ప్రతి ఫైనాన్సువాళ్ళకు, ఒక ప్రతి రవాణా కార్యాలయానికి పోస్టులో పంపాం. మూడోది నా బీరువాలో ఉంది.

ఏడో రోజు దాటింది. 25 వేలు పోయాయి. బస్సు ఇంకా యార్డులోనే ఉందట. మొన్న ఆదివారం పూజ అయ్యాక మా డ్రైవరు ఫోను తీసి ఇంకొక బస్సు చూపించాడు. నీలం రంగుది, వెనక నిచ్చెన ఉంది. హర్రాజు తేదీ ఇంకా పది రోజులుంది. ఎవరిదని అడిగాను. పరిగి దగ్గర ఒకాయనదట, బుధవారం వెళ్ళి కలుస్తానన్నాడు.